రైఫిల్డ్ మస్కెట్ గురి కుదరడం లేదా? ముందు గొట్టం కొలవండి

వర్జీనియాలో మేము సాధన చేసే రేంజికి ఏటా కొందరు కొత్త తెలుగువాళ్లు వస్తుంటారు. అమెరికా అంతర్యుద్ధం మీద ఆసక్తి మొదలై, ఆనాటి రైఫిల్డ్ మస్కెట్‌కు, అంటే గొట్టం లోపల మెలిక గాడులున్న పొడవాటి తుపాకీకి, నకలు ఒకటి కొనుక్కుని, నెల తిరక్కుండానే నా దగ్గర ఒకే ప్రశ్న పెడతారు: “50 గజాల దూరంలో పెద్ద పళ్లెమంత టార్గెట్ కూడా తగలడం లేదు. తుపాకీ చెడ్డదా, నా చెయ్యి చెడ్డదా?” చాలాసార్లు రెండూ కావు. గుండు గొట్టానికి కుదరలేదు, అంతే. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ ఒక వరుసలో రాస్తున్నాను.

ఇది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్, 1861 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకుల నకళ్లకు వర్తిస్తుంది. రెండూ మూతి నుంచి మందు, గుండు నింపి కాల్చేవే. ఎన్‌ఫీల్డ్ గొట్టం 39 అంగుళాలు, స్ప్రింగ్‌ఫీల్డ్‌ది 40. గొట్టం లోపల మూడు మెలిక గాడులు ఉంటాయి. అసలు ఎన్‌ఫీల్డ్‌లో ఒక మెలిక పూర్తి కావడానికి 78 అంగుళాలు పడుతుంది, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 72. నౌకాదళం వాడిన పొట్టి ఎన్‌ఫీల్డ్ నకలు మీ దగ్గర ఉంటే, దానికి ఐదు గాడులు, 48 అంగుళాలకే ఒక మెలిక. కింద చెప్పే పద్ధతి మాత్రం దానికీ ఇదే.

ఎంత గురి ఆశించాలి? బల్ల మీద ఇసుక సంచులకు ఆనించి కాలిస్తే 50 గజాల్లో 5 గుండ్లు రెండు, రెండున్నర అంగుళాల వృత్తంలో పడాలి. 100 గజాల్లో నాలుగైదు అంగుళాలు వస్తే చాలా మంచి తుపాకీ. ఇది గొప్పకు చెప్పే లెక్క కాదు. 1950 నుంచి నడుస్తున్న నార్త్ సౌత్ స్కిర్మిష్ అసోసియేషన్ పోటీలు వించెస్టర్ దగ్గర ఫోర్ట్ షెనండోవాలో జరుగుతాయి. అక్కడ నిలబడి, ఏ ఆధారం లేకుండా, ఇవే తుపాకులతో మట్టి బిళ్లలను వరసగా పగలగొట్టేవాళ్లను చూడవచ్చు. ఒక్కసారి చూస్తే “పాతకాలపు తుపాకీ కదా, ఇంతే” అన్న మాట ఇక నోట రాదు.

సిద్ధాంతం క్లుప్తంగా చెబుతాను. 1840లలో ఫ్రెంచి అధికారి క్లోడ్ మినియే రూపొందించి, తర్వాత హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ సరళం చేసిన ఈ గుండు అడుగున బోలుగా ఉంటుంది. నింపేటప్పుడు గొట్టంలోకి సులువుగా జారుతుంది, పేలినప్పుడు ఆ ఒత్తిడికి అడుగు అంచు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. ఆ విచ్చుకోవడం ప్రతిసారీ ఒకేలా జరిగితే గురి కుదురుతుంది. కింద చెప్పేదంతా దాని కోసమే.

మొదలుపెట్టే ముందు

చట్టం సంగతి చూసుకోండి. అమెరికా సమాఖ్య చట్టం ఈ తుపాకులను పురాతన ఆయుధాల కిందే లెక్కిస్తుంది, కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీ లాంటి చోట్ల నిబంధనలు కఠినం. భారతదేశంలో మూతి నుంచి నింపే తుపాకీకి కూడా ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. మీరు ఉన్న చోటి నిబంధన రాతపూర్వకంగా చదివాకే ముందుకు వెళ్లండి.

మందు విషయంలో ఒకే నియమం: అసలైన బ్లాక్ పౌడర్, లేదా తుపాకీ తయారీదారు పుస్తకంలో అనుమతించిన ప్రత్యామ్నాయం మాత్రమే. ఆధునిక తుపాకులకు వాడే పొగలేని మందు చిటికెడు కూడా వేయకూడదు. గొట్టం పగులుతుంది, పక్కనున్నవాళ్లు కూడా గాయపడతారు.

మొదటి రెండు మూడుసార్లు అనుభవం ఉన్నవారి పక్కన నిలబడి నేర్చుకోండి. ఎంత వివరంగా రాసినా కాగితం దానికి సాటి రాదు.

కావలసినవి

- 0.001 అంగుళం తేడాతో ఉండే పిన్ గేజ్‌లు (కచ్చితమైన వ్యాసం ఉన్న కొలత కడ్డీలు), 0.574 నుంచి 0.584 వరకు. సెట్టు కొననక్కరలేదు, లేత్ మెషిన్ షాపులో అడిగితే కొలిచి ఇస్తారు.
- 0.001 అంగుళం చూపే మైక్రోమీటర్.
- మినియే గుండ్ల అచ్చు, గొట్టానికి సరిపోయే సైజింగ్ డై (గుండును నెట్టి సరైన వ్యాసానికి తెచ్చే ఉంగరం లాంటి పరికరం).
- మెత్తని స్వచ్ఛమైన సీసం, కరిగించే పాత్ర, గరిటె, ఉష్ణోగ్రత చూపే మీటరు.
- తేనెమైనం, దానిలో కలపడానికి కొవ్వు లేదా ఆలివ్ నూనె.
- మందు కొలిచే గొట్టం, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు 50.
- గ్రెయిన్లలో తూచే త్రాసు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాములు.
- మస్కెట్ క్యాపులు (హ్యామర్ కొట్టగానే పేలి మందును అంటించే చిన్న లోహపు టోపీలు), అదనంగా ఒక కొత్త నిపుల్ (క్యాపు కూర్చునే, రంధ్రమున్న చిన్న ముక్క).
- కంటి అద్దాలు, చెవి రక్షణ.
- నోటు పుస్తకం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

1. గొట్టం కొలవండి

“58 క్యాలిబర్”, అంటే గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.58 అంగుళం, అని పెట్టె మీద రాసి ఉంటుంది. దాన్ని నమ్మి 0.575 గుండ్ల డబ్బా కొనడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఇటలీలో తయారయ్యే నకళ్లలో 0.576 నుంచి 0.581 దాకా నేను స్వయంగా కొలిచాను. ఒకే నమూనా, ఒకే తయారీ, రెండు తుపాకులకు రెండు కొలతలు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ముందుగా ర్యామ్‌రాడ్, అంటే గుండును లోపలికి దించే ఉక్కు కడ్డీ, ఖాళీ గొట్టంలో అడుగు దాకా వెళుతోందో లేదో చూసి తుపాకీ నిండి లేదని నిర్ధారించుకోండి. తర్వాత గొట్టం శుభ్రంగా, పొడిగా తుడవండి. చిన్న పిన్ గేజ్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుతూ మూతిలో పెట్టండి. బలం వేయకుండా జారిన చివరి పిన్ మీ గొట్టం కొలత. దాన్ని నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

వెర్నియర్ కాలిపర్‌తో కొలిచేస్తామంటారు కొందరు. కుదరదు. గాడులు మూడు కాబట్టి ఒక గాడికి సరిగ్గా ఎదురుగా గట్టు, అంటే రెండు గాడుల మధ్య ఎత్తుగా మిగిలిన భాగం, ఉంటుంది. కాలిపర్ రెండు కాళ్లూ ఒకేసారి రెండు గట్ల మీద ఆనవు. వచ్చే అంకె గట్టుదీ కాదు, గాడిదీ కాదు.

ఇంకో పని చేయండి. గొట్టానికి కాస్త వదులుగా ఉన్న, నూనె రాసిన గుండును పొడవాటి చెక్క కర్రకు బిగించి లోపలికి మెల్లగా దించి, మళ్లీ లాగండి. ఎక్కడైనా చటుక్కున బిగిసినా, ఎక్కడైనా వదులైనా చేతికి తెలుస్తుంది. మూతి దగ్గర వదులుగా ఉండి లోపల బిగుతుగా ఉంటే అలాంటి గొట్టంతో కుస్తీ పట్టకండి, అమ్మినవారిని మార్చమని అడగండి.

2. గుండును గొట్టానికి సరిపెట్టండి

గుండు వ్యాసం గొట్టం కొలత కంటే 0.001 నుంచి 0.002 అంగుళం తక్కువ ఉండాలి. గొట్టం 0.578 అయితే గుండు 0.577 లేదా 0.576. అంతకంటే వదులైతే అంచు సమంగా విచ్చుకోకముందే గ్యాసు పక్క నుంచి జారిపోతుంది. మరీ బిగుతైతే మూడో గుండుకే మసి పట్టి లోపలికి దిగదు.

దీనికి మార్గం సైజింగ్ డై. అచ్చు నుంచి వచ్చిన గుండు మీకు కావలసిన దానికంటే 0.001 నుంచి 0.003 పెద్దగా ఉండాలి. దాన్ని డైలోంచి నెమ్మదిగా, నిటారుగా నెడితే సరైన కొలతకు వస్తుంది. అంతకంటే ఎక్కువ తగ్గించాలని చూస్తే అడుగు అంచు వంకరపోతుంది. అచ్చే చిన్న గుండ్లు ఇస్తుంటే, దాని రెండు రెక్కల మధ్య పలుచని అల్యూమినియం టేపు ముక్క అతికిస్తే కాస్త పెరుగుతుంది. అది తాత్కాలికం. సరైన అచ్చు కొనడమే మేలు. లైమన్ కంపెనీ అచ్చుల్లో 575213 లాంటి సంఖ్యలు కనిపిస్తాయి, అందులో మొదటి మూడు అంకెలు సుమారు వ్యాసం అని గుర్తుపెట్టుకుంటే ఎంపిక సులువు.

మైక్రోమీటర్‌తో ప్రతి గుండునూ రెండు చోట్ల, గుండ్రం తిప్పుతూ కొలవండి: నడుము దగ్గర ఒకటి, అడుగు అంచు దగ్గర ఒకటి. డబ్బాలో అమ్మే గుండ్లు దారిలో ఒకదానికొకటి తగిలి అంచులు కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోయి వస్తాయి. వాటిని డైలోంచి మళ్లీ నెడితే చాలావరకు బాగవుతాయి.

3. సీసం మెత్తగా ఉండాలి

ఈ గుండుకు మెత్తదనమే ప్రాణం. కారు చక్రాలకు వేసే బరువుల నుంచి తీసిన సీసంలో యాంటిమొనీ కలిసి గట్టిగా ఉంటుంది, అంచు విచ్చుకోదు. పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు: బొటనవేలి గోరుతో గీయండి. తేలిగ్గా గీత పడి, గీతలో వెండిలా మెరిస్తే పనికొస్తుంది. గోరు జారిపోతే పక్కన పెట్టండి.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మినియే గుండ్లకు అంతకంటే బాగా వేడి కావాలి, 400 డిగ్రీల దరిదాపుల్లో అంచు చక్కగా నిండుతుంది. అచ్చు, అడుగున బోలు చేసే పిన్ను కూడా కాగాలి. మొదటి పది పదిహేను గుండ్లు ముడతలుగా వస్తాయి, వాటిని తిరిగి పాత్రలో వేసేయండి.

హెచ్చరికలు గట్టిగానే చెబుతున్నాను. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా అది ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. తడి గరిటె, తడి సీసం ముక్క, నుదుటి చెమట, ఏదీ పాత్ర దగ్గరికి రాకూడదు. ఆరుబయట, గాలి పారే చోట చేయండి. వంట గిన్నెలు వాడవద్దు. పిల్లలూ గర్భిణులూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పని అయ్యాక చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లోకి వెళ్లండి.

ఇప్పుడు ఏరడం. గుండును తిరగేసి వెలుతురులో పట్టుకుని లోపలి బోలు చూడండి. అంచు మందం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకవైపు కాగితంలా పలుచగా, మరోవైపు మందంగా ఉంటే పిన్ను మధ్యలో కూర్చోలేదన్నమాట. ఆ గుండు ఎప్పుడూ పక్కకే పోతుంది. అంచులో చిన్న బొడిపె, గుంట, ముడత ఉన్నా పనికిరాదు. మిగిలినవి తూచండి. 500 గ్రెయిన్ల గుండ్లలో ఒక గ్రెయిన్ అటూ ఇటూ ఉన్నవి ఒక కుప్ప. పదిలో తొమ్మిది 498, 499 తూగి, ఒకటి 489 తూగితే దాని కడుపులో గాలి బుడగ ఉంది. బయటికి ఎంత అందంగా ఉన్నా అది తిరిగి పాత్రలోకే.

4. గ్రీజు

మసి మెత్తగా ఉండాలంటే గ్రీజు కావాలి. 1861 నాటి అమెరికా సైన్యపు కొలత ఒక వంతు తేనెమైనం, మూడు వంతుల కొవ్వు. నేటికీ గొర్రె కొవ్వు, మైనం కలిపి వాడేవాళ్లు ఉన్నారు. పెట్రోలియం గ్రీజులు మాత్రం వద్దు, బ్లాక్ పౌడర్ మసితో కలిసి తారులా గట్టిపడతాయి.

శాకాహారులైన మిత్రులు కొవ్వు లేకుండా కుదరదా అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న వినగానే నాకు 1857 గుర్తుకొస్తుంది. బెంగాల్ సైన్యంలో సిపాయిల చేతికి వచ్చింది ఈ ఎన్‌ఫీల్డే. దాని తూటా కాగితాన్ని పళ్లతో కొరికి చింపాలి, దానికి పూసింది ఆవు కొవ్వో పంది కొవ్వో అన్న అనుమానమే రాజుకుని తిరుగుబాటుకు నిప్పంటించిన కారణాల్లో ఒకటైంది. మనకు ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. తేనెమైనం, ఆలివ్ నూనె సమపాళ్లలో కలిపి చూడండి. చల్లారాక వేలితో నొక్కితే గుర్తు పడాలి, వేలికి కారకూడదు. ఎండాకాలం మైనం కొంచెం పెంచండి, చలికాలం నూనె పెంచండి.

నీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. సీసం పని, గ్రీజు పని ఒకే రోజు, ఒకే బల్ల మీద పెట్టుకోవద్దు. నీళ్లూ కరిగిన సీసమూ ఒకచోట ఉండకూడదు. గుండు పక్క గాడులు నిండేదాకా ముంచి, నిలబెట్టి ఆరబెట్టండి. అడుగు బోలులో గ్రీజు నింపవద్దు, వేసవిలో కరిగి మందును తడిపేస్తుంది.

5. మందు మోతాదు వెతకండి

అంతర్యుద్ధ కాలంలో సైనికుడి మోతాదు 60 గ్రెయిన్లు. అది దూరం కోసం. 50, 100 గజాల కాగితం మీద గురికి అంత అవసరం లేదు. చాలా తుపాకులకు 40 నుంచి 50 గ్రెయిన్ల మధ్యలో ఎక్కడో మంచి చోటు దొరుకుతుంది. మీ తుపాకీ పుస్తకంలో రాసిన గరిష్ఠ పరిమితిని ఏ పరిస్థితిలోనూ దాటవద్దు.

40, 43, 46, 49 గ్రెయిన్లు, ఒక్కో మోతాదుకు పది సీసాలు ఇంటి దగ్గరే నింపి, మూత మీద అంకె రాసుకోండి. 3ఎఫ్ (సన్న పలుకుల) మందుతో మొదలుపెట్టండి, గురి కుదరకపోతే 2ఎఫ్ (దానికంటే ముతక) ప్రయత్నించండి. స్విస్ అనే బ్రాండు మందు మిగిలిన వాటికంటే చురుకు, దానితో మోతాదు కొంచెం తగ్గించి మొదలుపెట్టాలి. ఒక రకం మందుతో కుదిరిన మోతాదును అలాగే మరో రకానికి వాడకండి.

6. తుపాకీని ఒకసారి చూడండి

ఇది క్లుప్తంగా. గొట్టాన్ని కొయ్యకు పట్టి ఉంచే పట్టీలు మరీ బిగుతుగా ఉండకూడదు, లొడలొడలాడకూడదు. గొట్టం వెనుక భాగం కొయ్యలో కదలకుండా కూర్చోవాలి. కదులుతుంటే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవారు) చేత గొట్టం కింద ఖాళీలు నిండేలా ఎపాక్సీ జిగురు పరుపు వేయించండి. ట్రిగ్గర్ చాలా బరువుగా ఉంటే అదీ గన్‌స్మిత్ పనే. ఇంట్లో ఆకురాయి పట్టి ట్రిగ్గర్ అరగదీయకండి. క్యాపును కొట్టే హ్యామర్ సగం ఎత్తిన స్థితిలో ఆగకుండా జారిపోయే తుపాకీ ప్రాణాంతకం. నిపుల్ రంధ్రం పెద్దదై, అంచు చిట్లి ఉంటే కొత్తది వేయండి. ఆ చిన్న ముక్కే మోతాదంతా నిలకడగా అంటుకునేలా చేస్తుంది.

7. రేంజిలో నింపే వరుస

ముందు ఖాళీ గొట్టంతో, మూతిని నేల మీది గడ్డిపరకకు దగ్గరగా పెట్టి క్యాపు కాల్చండి. గడ్డిపరక కదలాలి. కదిలితే దారి తెరిచి ఉంది, లోపలి నూనె ఆరింది. కదలకపోతే నిపుల్ శుభ్రం చేసి మళ్లీ చూడండి.

మందును డబ్బా నుంచి నేరుగా గొట్టంలో ఎప్పుడూ పోయకండి. లోపల నిప్పు కణిక ఉంటే డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. ఒక్క మోతాదు ఉన్న సీసా నుంచే పోయాలి. ముఖం, అరచేయి మూతి ముందుకు రానివ్వకండి.

గుండును వేలితో నిటారుగా మూతిలో పెట్టి, ర్యామ్‌రాడ్‌తో ఒకే ఒత్తిడితో మందుకు తగిలేదాకా దించండి. గట్టిగా కొట్టవద్దు. కడ్డీని ఎగరేసి దించవద్దు, దాంతో గుండు ముక్కు చదునవుతుంది, మందు నలుగుతుంది.

ర్యామ్‌రాడ్ మీద రెండు గుర్తులు పెట్టుకోండి: ఖాళీ గొట్టంలో ఎంత బయట ఉంటుందో ఒకటి, సరిగ్గా నిండినప్పుడు ఎంత ఉంటుందో మరొకటి. రెండో గుర్తు ప్రతిసారీ మూతి దగ్గరికే రావాలి. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు. గుర్తు పైకి ఉంటే మోతాదు మీద మోతాదు పడి ఉండవచ్చు. 1863లో గెట్టిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఏరిన తుపాకుల్లో ఎన్నింటిలోనో ఇలా ఒకదాని మీద ఒకటి నింపిన మోతాదులు బయటపడ్డాయి. యుద్ధం గందరగోళంలో వాళ్లకు జరిగింది, కబుర్లు చెప్పుకుంటూ నింపితే మనకూ జరుగుతుంది.

క్యాపు చివరిది. మూతి టార్గెట్ వైపు ఉన్నాక, కాల్చే గీత మీద నిలబడ్డాకే పెట్టాలి. క్యాపు పేలి తుపాకీ పేలకపోతే కదలకుండా టార్గెట్ వైపే పట్టుకుని కనీసం ఒక నిమిషం ఆగండి. మీ రేంజి నిబంధన అంతకంటే ఎక్కువ చెబితే అదే పాటించండి.

8. కాల్చి చూడండి

50 గజాలతో మొదలుపెట్టండి. తుపాకీ ముందు భాగాన్ని నిలబడి కాల్చేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ పడుతుందో అక్కడే ఇసుక సంచి మీద ఆనించండి. గొట్టాన్ని నేరుగా సంచి మీద పెడితే గుండ్లు ఎక్కడికో పోతాయి. మొదటి గుండు నూనె పొర మీద వెళుతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. తర్వాత 5 గుండ్లు, ఒకే టార్గెట్ మీద, ఒకే మోతాదుతో కాల్చండి. ప్రతి గుండు ఎక్కడ పడిందో వరస సంఖ్యతో నోటు పుస్తకంలో చిన్న వృత్తం గీసి రాసుకోండి.

తర్వాత మోతాదు మార్చి కొత్త టార్గెట్ మీద ఇంకో 5. ఒకసారికి ఒక్కటే మార్చండి. మోతాదూ గ్రీజూ గుండు సైజూ ఒకేరోజు మార్చినవాళ్లకు బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, చెడినా తెలియదు.

ట్రిగ్గర్ నొక్కాక గుండు బయటికి పోవడానికి ఈ తుపాకీలో ఆధునిక తుపాకీ కంటే ఎక్కువ సమయం పడుతుంది. పొగ వచ్చేదాకా కన్ను సైట్ (గొట్టం మీద గురి చూసే గుర్తు) మీదే ఉండాలి. పొగలోంచి టార్గెట్ చూద్దామని తల ఎత్తే వాళ్ల గుండ్లు ఎప్పుడూ పైకే పోతాయి.

9. కాగితం ఏం చెబుతోందో చదవండి

నా దగ్గరికి వచ్చిన ప్రతివారి టార్గెట్ కాగితాన్నీ ముందు అడిగి తీసుకుంటాను. సగం జవాబు అక్కడే ఉంటుంది.

రంధ్రాలు గుండ్రంగా కాక పొడవుగా, గుండు పక్కకు తిరిగి పోయినట్టు ఉంటే: గుండు చాలా చిన్నది, లేదా సీసం గట్టిది, లేదా మందు ఎక్కువై పలుచని అంచు చిరిగిపోయింది. మొదట వ్యాసం, తర్వాత గోరు పరీక్ష, ఆ తర్వాత మోతాదు తగ్గించడం, ఈ వరుసలో చూడండి. మెత్తని మట్టి గట్టులోంచి ఒక గుండును తవ్వి తీయగలిగితే ఇంకా మంచిది. అడుగు మీద మూడు గాడుల గుర్తులూ చుట్టూ సమంగా ఉండాలి. ఒకవైపు నల్లగా కాలిన గీత ఉంటే గ్యాసు అక్కడి నుంచి జారింది. అంచు పువ్వులా విచ్చి చిరిగి ఉంటే మందు ఎక్కువైంది.

గుండ్లు పైకీ కిందికీ నిలువు గీతలా పడితే: మోతాదు సమంగా లేదు, ర్యామ్‌రాడ్ ఒత్తిడి సమంగా లేదు, లేదా నిపుల్ పాతది. క్యాపు శబ్దానికీ తుపాకీ శబ్దానికీ మధ్య చిన్న ఆలస్యం వినిపిస్తే నిపుల్‌నే అనుమానించండి.

అడ్డంగా పడితే: గాలి, లేదా గొట్టం కొయ్యలో కదులుతోంది, లేదా ట్రిగ్గర్‌ను పక్కకు లాగుతున్నారు.

మొదటి నాలుగూ బాగా పడి, ఆ తర్వాత చెదిరిపోతే: మసి పేరుకుంటోంది, గ్రీజు చాలడం లేదు. మూతి చూడండి. సరైన గ్రీజుతో మూతి చుట్టూ తడిగా, మెత్తగా, వేలికి అంటుకునే నల్లని ఉంగరం ఏర్పడుతుంది. అది పొడిగా, గరుకుగా పెంకు కట్టి ఉంటే గ్రీజు గొట్టం చివరిదాకా రాకముందే అయిపోయింది. గ్రీజు మెత్తగా చేయండి, లేదా గుండు గాడులు పూర్తిగా నింపండి. ప్రతి ఐదు గుండ్లకు ఒకసారి తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవడం ఇంకో దారి.

10. సైట్ సరిచేయడం

గుండ్లన్నీ ఒకచోట పడేదాకా సైట్ ముట్టుకోవద్దు. ఎన్‌ఫీల్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ సైట్‌లలో కనిష్ఠ గుర్తు 100 గజాలు. నకళ్లు 50 గజాల్లో సాధారణంగా పైకే కాలుస్తాయి. ముందు సైట్ ఎత్తు పెంచితే గుండు కిందికి దిగుతుంది, అరగదీస్తే పైకి లేస్తుంది. అందుకే గన్‌స్మిత్ చేత ఎత్తైన ముందు సైట్ పెట్టించుకుని, కొంచెం కొంచెం అరగదీస్తూ రావాలి.

లెక్క సులువు. తప్పు అంగుళాల్లో, దాన్ని రెండు సైట్‌ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. సైట్‌ల మధ్య 32 అంగుళాలు, టార్గెట్ 50 గజాలు అంటే 1800 అంగుళాలు, గుండ్లు 6 అంగుళాలు కింద పడుతున్నాయి అనుకుందాం. 6 ఇంటూ 32 బై 1800, దాదాపు 0.107 అంగుళం అరగదీయాలి. ఒక్కసారిగా కాదు. 0.06 తీసి, 5 గుండ్లు కాల్చి, మళ్లీ లెక్క వేయండి. తీసిన లోహం తిరిగి రాదు.

11. ఇంటికి వెళ్లేముందు శుభ్రం

మసి గాలిలోని తడిని పీలుస్తుంది. ఒక్క రాత్రి వదిలేస్తే తుప్పు గాడుల్లోకి దిగుతుంది, ఇంత కష్టపడి కొలిచిన కొలతే మారిపోతుంది. తుపాకీ నిండి లేదని ర్యామ్‌రాడ్ గుర్తుతో చూసుకుని, నిపుల్ ఊడదీసి, గోరువెచ్చని సబ్బు నీళ్లతో గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. పొడిగా ఆరబెట్టి పలుచగా నూనె పట్టించండి. మర్నాడు ఉదయం పొడి గుడ్డ ఒకటి మళ్లీ గొట్టంలో నడపండి. అది ఇటుక రంగులో బయటికొస్తే నిన్న సరిగా ఆరబెట్టలేదు, పని మళ్లీ మొదటి నుంచి. శుభ్రంగా వస్తే నూనె రాసి, మూతి కిందికి వాల్చి భద్రపరచండి. నూనె కొయ్యలోకి దిగకుండా ఉంటుంది.

కొత్త మందు డబ్బా తెరిచినప్పుడు, కొత్త సీసంతో గుండ్లు పోసినప్పుడు, నిపుల్ మార్చినప్పుడు మళ్లీ బల్ల మీద 5 గుండ్లు కాల్చి పాత పేజీతో పోల్చుకోండి.